సులభమైన త్రోవ తక్కువదా?

చెమటోడ్చి సంపాదించినదే మేలైనదనియు, సులభముగా దొరికినది తక్కువదనియు మనలో ఒక తలంపు పాతుకొనియున్నది. పొలము పనిచేయు జనులకు అది సహజమే. దుక్కి దున్ననిదే గింజ ఇంటికి రాదు గదా. అయితే ఈ మాట అన్నిటికిని చెల్లునా? నల్లమల అడవిలోని రెండు త్రోవలను దృష్టాంతముగా తీసికొని ఈ నెల దీనిని ఆలోచింతము.

మన మేళ్లచెరువు వారికి రాయి కొత్త కాదు. ఇక్కడి సున్నపురాయిని పేల్చి, పొడిచేసి, కాల్చి సిమెంటు చేయుటను ఏండ్ల తరబడి చూచుచున్నాము. ఇంత ఆర్భాటము లేకయే నీరు రాతిలో దారి చేసికొనుట చూడగోరినచో, దేవరకొండ మీదుగా పడమటికి సాగి అమ్రాబాదు అడవికి పోవలెను. 2016వ సంవత్సరమునకు ముందు మనది నల్గొండ జిల్లా, అది మహబూబ్‌నగర్ జిల్లా. ఇప్పుడు మనది సూర్యాపేట, అది నాగర్‌కర్నూలు.

హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు బాటలో వటవర్లపల్లి యొద్ద మలుపు తిరిగి కొంతదూరము పోయినచో మల్లెల తీర్థము వచ్చును. బండి దిగి, కొన్ని వందల మెట్లు లోయలోనికి దిగినచో జలపాతము ఎదుటనే కనబడును. చిన్నపిల్లలును పోగలరు. వానలు వెలసిన తరువాతి నెలలు అందుకు తగిన కాలము. ఎండాకాలమున ధార సన్నగిల్లును. అదే అడవిలో సలేశ్వరము కలదు. అక్కడ లోతైన లోయలో గుహయు, పైనుండి పడు నీటిధారయు ఉన్నవి. చైత్ర పౌర్ణమి దినములలో మాత్రమే ఆ త్రోవ తెరచెదరు. రాళ్లమీద, ఎండలో, చాలదూరము నడువవలెను. అక్కడ చెంచులు లింగమయ్యను కొలుచుచున్నారు. మన విశ్వాసము వేరైనను వారి స్థలమును గౌరవించుట మనకు తగును.

సలేశ్వరము నడిచి వచ్చిన పడుచువాడు, మెట్లు దిగి నీరు చూచి వచ్చిన ముసలమ్మతో, “అదేమి గొప్ప?” అని అనవచ్చును. అతని మాట న్యాయమేనా?

సిరియా సేనాధిపతియైన నయమాను కథను తలంచుకొనుడి (2 రాజులు 5). యొర్దానులో ఏడుమారులు మునుగుమని చెప్పినప్పుడు అతడు కోపించెను. అతని కోపమునకు ఒక కారణము పని మిక్కిలి తేలికగా ఉండుటయే. కష్టమైన కార్యమేదైనను చెప్పియుండినచో చేసియుండువాడవే గదా యని దాసులు బుద్ధి చెప్పిరి. అతడు తగ్గి, నీటిలో దిగి, బాగుపడెను. కష్టమును కోరుటలోను గర్వము దాగియుండునని ఇందువలన తెలియుచున్నది.

ఏలీయా త్రోవ దీనికి వేరైనది (1 రాజులు 19). నలువది దినములు నడిచి అతడు హోరేబు గుహను చేరెను. అంత ప్రయాసపడి చేరిన వానిని దేవుడు నడక గూర్చి మెచ్చుకొనలేదు; అక్కడ నీకేమి పని అని అడిగెను, అదియు రెండుమారులు. త్రోవ ఎంత కఠినమైనను, చేరినచోట మనమేమి చేయుచున్నామనునదే ప్రశ్న. మెట్లు దిగి వచ్చిన వానికిని అదే ప్రశ్న.

ఇరుకు ద్వారమును గూర్చి ప్రభువు చెప్పలేదా అని కొందరడుగుదురు. చెప్పెను. అయితే తన కాడి సుళువైనదనియు ఆయనే చెప్పెను. కాళ్ల కష్టమును బట్టి త్రోవ పరిశుద్ధము కాదు. పైగా మనకు సులభమైన ప్రతి త్రోవ ఎవరికో కష్టమైనదే. లోయలోనికి రాళ్లు మోసి, ఆ మెట్లు కట్టినవారు ఎవరో మనకు తెలియదు. వారి భుజముల నొప్పి వలననే కాలు నొప్పిగల ముసలమ్మ నీటి చప్పుడు వినగలిగెను. కఠినమైన త్రోవ బలవంతులను ముందుకు తీసికొనిపోవును. సులభమైన త్రోవ సంఘమంతటిని కలిపి తీసికొనిపోవును. ఇది చిన్న మేలు కాదు.

అయినను ఒక చిక్కు కలదు. త్రోవ సులువైనకొలది జనము పెరుగును, జనముతో కూడ ప్లాస్టిక్ సీసాలు, తాగుడు, కేకలు పెరుగును. ఆ అడవి పులులకు కాపుదలగా ఏర్పరచినది. ఆ నీరు మృగములు త్రాగు నీరు. అక్కడ తరతరములుగా బ్రతుకుచున్న చెంచులను ప్రభుత్వము 1975లో మిక్కిలి వెనుకబడిన తెగలలో చేర్చెను. మనము ఒక పూట చూచి వచ్చునది వారి ఇంటి వాకిలి. పాదములకు సులువు దొరికినప్పుడు చేతులకు అదుపు మరి ఎక్కువగా కావలెను.

కాబట్టి సంఘముగా పోవునప్పుడు ముసలివారి నడకతో నడువుడి. దిగుట సులువే గాని తిరిగి ఎక్కుట ఆయాసము, నడుమ కూర్చుండనియ్యుడి. పాచిరాళ్లమీదికి పిల్లలను విడువకుడి. తీసికొనిపోయిన ప్రతి సీసాను తిరిగి తెచ్చుకొనుడి. ఇక్కడ నీకేమి పని అని అడవి నడుమ ఎవరైన అడిగినచో, సిగ్గులేక ఉత్తరమియ్యగల కృప దేవుడు మనకందరికి దయచేయును గాక.