ప్రయోగం లేకపోయినా చదువుతాను, కానీ...

1924లో ఢాకా విశ్వవిద్యాలయంలో రీడరుగా ఉన్న సత్యేంద్రనాథ్ బోస్ ఐన్‌స్టీన్‌కి పంపిన వ్యాసం కొద్ది పేజీలే. అందులో కొత్త ప్రయోగం ఒక్కటీ లేదు. కొలతలకు అప్పటికే సరిపోతున్న ప్లాంక్ సూత్రాన్ని, కాంతి కణాలను లెక్కపెట్టే కొత్త పద్ధతితో రాబట్టాడు, అంతే. ముక్కూ మొహం తెలియని మనిషి రాసినదాన్ని ఐన్‌స్టీన్ స్వయంగా జర్మన్‌లోకి మార్చి అచ్చువేయించాడు. ఆ పద్ధతినే వాయువులకు వర్తింపజేసి ఆయన ఊహించిన పదార్థ స్థితిని రుబిడియం వాయువులో చూడగలిగింది 1995లో.

రిటైరయిన ఫిజిక్స్ లెక్చరర్ని కాబట్టి, సొంత సిద్ధాంతాలు రాసుకున్నవాళ్లు నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. "ప్రయోగం లేదని మమ్మల్ని ఎవరూ చదవరు మాస్టారూ, స్ట్రింగ్ సిద్ధాంతానికి మాత్రం ఏ ప్రయోగం ఉందని?" అంటారు. ఆ ఫిర్యాదులో సగం న్యాయం ఉంది. మిగతా సగం సంగతేమిటంటే, స్ట్రింగ్ లెక్కల్లోంచి ఐన్‌స్టీన్ గురుత్వ సమీకరణాలు బయటికొస్తాయి. పాత అప్పు తీర్చాకే అది కొత్త బేరానికి దిగింది.

మొన్న ఒకాయన వచ్చారు, కరెంటాఫీసులో చేసి రిటైరయినవారు. గురుత్వం ఆకర్షణ కాదు, అన్ని వైపుల నుంచీ వచ్చే సూక్ష్మకణాల తోపుడు అని స్పైరల్ బైండింగ్ పుస్తకం తెచ్చారు. కొట్టిపారేసే ఊహేం కాదు, జెనీవాకు చెందిన లెసాజ్ 18వ శతాబ్దంలోనే చెప్పాడు.

"ఆ కణాల్లోంచి పరిగెత్తే భూమికి అవి ఎదురు తగలాలి కదండీ, వేగం ఎందుకు తగ్గడం లేదు?" అన్నాను. ఆయన మాట్లాడలేదు. "బుధుడి కక్ష్య న్యూటన్ లెక్కకు మించి వందేళ్లకు 43 ఆర్క్ సెకన్లు తిరుగుతుంది. మీకెంత వస్తోంది?" పుస్తకం అటూ ఇటూ తిరగేశారు. విశ్వం, శక్తి, చైతన్యం పేజీకి నాలుగుసార్లున్నాయి గానీ అంకె ఒక్కటీ లేదు. కాఫీ తాగి, లెక్కేసుకొస్తానని వెళ్లారు. మర్యాదస్తుడు.

ఆధారం చూపమనడం మన తర్కానికీ కొత్త కాదు. చార్వాకులకు ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం. న్యాయ దర్శనం వారైన నైయాయికులు అనుమానాన్నీ, అంటే తర్కించి తేల్చడాన్నీ, ఒప్పుకున్నారు, హేతువు చూపిస్తేనే. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడని గొప్పగా చెప్పుకుంటాం. హేతువులా కనబడి హేతువు కానివాటిని ఆయన ఐదు రకాలుగా వివరించాడన్నది మాత్రం ఎవరికీ గుర్తుండదు.

రాసేవారికి నా మనవి ఒక్కటే. ఏ కొలత తేడా వస్తే మీ సిద్ధాంతం తప్పని ఒప్పుకుంటారో మొదటి పేజీలోనే రాయండి. డిగ్రీ అడగను, ప్రయోగమూ అడగను. ఆ పేజీ ఉంటే మిగతాదంతా చదువుతాను.