దారిలో ఆడిన అబద్ధం

ఎడారి చూడ్డానికి పోతున్నామంటే మా అమ్మ నమ్మలేదు. "డబ్బులు పోసి ఎండలోకి పోతారంట్రా? మిరపచేలో నాలుగు సాళ్లు కొయ్యండి, ఊరికే కనపడుద్ది ఎడారి" అంది. ఆమె తప్పేం లేదు. మా పల్లెలో ప్రయాణమంటే కూలికి పోవడమే. పత్తితీతలకో మిరపకోతలకో ట్రాక్టరెక్కి పోవడం, చీకటిపడ్డాక కళ్లు మండుతూ దిగడం. మా నాయన గుంటూరు యార్డులో హమాలీ. ఆయన చూసిన దూరదేశమల్లా మిర్చి టిక్కీల లారీ మీద పడుకుని పోయిన మద్రాసు. ఎట్టుంది నాయనా మద్రాసు అంటే గోడౌను సంగతి చెప్పేవాడు.

పెదకాకానికి మాత్రం ఎక్కడెక్కడి జనమో కార్లేసుకుని వస్తారు. కొత్తబండి కొన్నవాళ్లు మల్లేశ్వరస్వామి గుడి దగ్గర పూజ చేయించుకుని పోతారు. చిన్నప్పుడు ఆ చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు చూస్తా నిలబడేవాణ్ణి. ఈ బండి ఇక్కణ్ణించి ఏ ఊరు పోద్దో అనుకునేవాణ్ణి.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. సర్కారు బళ్లో సోషల్ మాస్టర్ని. థార్ ఎడారి, ఆరావళి కొండలు, రాజపుత్రుల కోటలు పన్నెండేళ్లుగా నల్లబోర్డు మీద గీసి చెప్పా. ఒక్కటీ కళ్లతో చూళ్లేదు. అందుకని ఒక దసరా సెలవులకు నేనూ మా ఆవిడా, నాలుగోతరగతి చదివే మా అమ్మాయీ, మా కులపోడే అయిన ఒక తమ్ముడూ అతని భార్యా బయల్దేరాం. రైల్లో జైపూర్ చేరి ఆరు రోజులకు బండి మాట్లాడుకున్నాం. జోధ్‌పూర్, జైసల్మేర్, మౌంట్ ఆబూ, ఉదయపూర్.

జైపూర్‌లో అందరూ హవామహల్ చూస్తారు, మేమూ చూశాం. అక్కడి హైకోర్టు ఆవరణలో మనువు విగ్రహం ఉందని మాత్రం నాకు ముందే తెలుసు. 1989లో పెట్టారు. తీసెయ్యాలని ఆ ఏడే జడ్జీలు తీర్మానించినా స్టే వచ్చి ఆగిపోయింది. 2018 అక్టోబరులో మహారాష్ట్ర నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి దానికి నల్లరంగు పూశారు. బండిలో మా అమ్మాయికి ఆ కథే చెప్పా.

జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్ కోట. 1459లో రావ్ జోధా పునాది వేశాడు. కోట నిలబడాలంటే బతికున్న మనిషిని పాతిపెట్టాలన్నారట. పాతింది రాజారామ్ మేఘవాల్‌ని. రాజియా భాంబీ అని కూడా అంటారు. ఆయన పేరుతో అక్కడ ఒక రాయి ఉంది. ఇష్టపడే ప్రాణమిచ్చాడని కథ. రాజు బంధువుల్లో అట్టా ఇష్టపడేవాడు ఒక్కడూ దొరకలేదు కాబోలు. భాంబీలంటే తోలుపనీ నేతపనీ చేసిన కులం. మా తాత ఆరె పట్టి చెప్పులు కుట్టినోడే. ఆ రాయి పక్కన ఫోటో దిగా. "ఈ కోట కింద మన మనిషి ఉన్నాడమ్మా" అని మా అమ్మాయికి కాస్త గొంతు పెంచే చెప్పా.

ఆ తర్వాత మూడోరోజు నేను చేసిన పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

జైసల్మేర్ దాటి బార్మేర్ వైపు పోతుంటే ఒక ఊరి బయట టైరు పేలింది. మిట్టమధ్యాహ్నం. బండిలో నీళ్లు అయిపోయినయ్. అమ్మాయి నాలుక పిడచకట్టుకుపోయిందంటంది. దగ్గర్లోని ఇంటికి పోతే తలపాగా ముసలాయన మంచం వాల్చి కూచోమన్నాడు. మర్యాదస్తుడు. ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి, చెంబు చేతిలోనే ఉంచుకుని, ఎక్కణ్ణించి వస్తున్నారు, ఏం పని చేస్తారు అని అడిగాడు. చివర్న "కౌన్ జాత్?" అన్నాడు. తిట్టినట్టు కాదు, పేరడిగినట్టే.

"చౌదరి" అన్నా.

నాకొచ్చిన హిందీ అంతంతమాత్రం. ఆ ఒక్కమాటకి వ్యాకరణం అక్కర్లేకపోయింది. మా వైపు ఆ మాట ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ చౌదరంటే జాట్లట, ముసలాయనా జాటేనట. మొహం విప్పారింది. నీళ్లు పోశాడు, మజ్జిగ కూడా తెప్పించాడు. అంత కమ్మటి మజ్జిగ నేనెప్పుడూ తాగలేదు. అదీ చెప్పాలిగా.

బండెక్కాక ఎవరం మాట్లాడలేదు. ఆబూ ఘాట్‌రోడ్డు ఎక్కుతుంటే అమ్మాయి అడిగింది, "డాడీ, మనం చౌదర్లమా?" కాదమ్మా అన్నా. "మనం మనమే అని చెబితే నీళ్లివ్వరా?" ఏమో అన్నా. బళ్లో పిల్లలకు ఏమో అని జవాబు చెప్పే అలవాటు నాకు లేదు.

ఆ రాత్రి కొండమీద గదిలో వాదన. "కులం అడగటమే నేరం అన్నా. నేరం చేసేవాడికి నిజం చెప్పాల్సిన బాకీ మనకేంది?" అన్నాడు తమ్ముడు. మా ఆవిడైతే, "పిల్లకు దాహమేస్తుంటే హరిశ్చంద్ర నాటకం ఆడతావా?" అంది. (ఆ నాటకం కాటిసీనులో పాడే జాషువా పద్యాలు మా నాయనకు కంఠతా వచ్చు.)

నాకు బాబాసాహెబ్ ప్రయాణం గుర్తొచ్చింది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నాడు. 1990లో గానీ అది పుస్తకంగా రాలేదు. 1934లో ముప్పైమంది దాకా సహచరులు బస్సులూ కార్లూ మాట్లాడుకుని ఎల్లోరా గుహలు చూడ్డానికి బయల్దేరారు. దారిలో ఇబ్బందులొస్తాయని తెలిసి, వస్తున్నట్టు కావాలనే చాటుకోలేదు. నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట బయట చిన్న చెరువు ఉంటే, దుమ్ముకొట్టుకుపోయిన మొహాలూ కాళ్లూ కడుక్కున్నారు. నీళ్లు మైలపరిచారని ఒక ముసలాయన అరుస్తా వచ్చాడు, జనం పోగయ్యారు. అప్పుడు బాబాసాహెబ్ ఇంకో కులం పేరు చెప్పలేదు. అంటరానివాడు మీ మతంలో కలిస్తే అప్పుడూ ఆపుతారా అని ఎదురడిగాడు. కోట చూడనిచ్చారు గానీ, ఎక్కడా నీళ్లు ముట్టకుండా కాపలాకి సైనికుణ్ణి వెంట పంపారు.

ఆయనా దాచాడు కదా అని మొదట కాస్త ఊరట అనిపించింది. కానీ చెప్పకపోవడం వేరు, ఇంకోటి చెప్పడం వేరు. పోనీ, చెంబు మధ్యలో ఆగినప్పుడు చెప్పకుండా ఉండే వీలుందా? ఆ మౌనమే జవాబు అవుద్ది. నిజం చెబుదామన్నా, మాదిగ అంటే అక్కడ ఎవరికీ తెలీదు. మేఘవాల్ అనాలి. మూడు రోజుల ముందు మేఘవాల్ రాయి పక్కన ఫోటో దిగినవాణ్ణి, ఆ మాట నోటికి రాలేదు.

ముసలాయనకు నేను బాకీ లేను. తమ్ముడి మాట ఇప్పటికీ ఒప్పుకుంటా. నన్ను తొలిచేది వేరే ఉంది. ఆ ఊళ్లోనూ ఒక వాడ ఉంటది. ఆ వాడ మనిషికి చౌదరి అనే వీలు లేదు, పుట్టినకాణ్ణించి అందరికీ తెలుసు కాబట్టి. పెదకాకానిలో నాకూ లేదు. ఈ అబద్ధం బండి మాట్లాడుకుని దూరం నుంచి వచ్చినవాడికి మాత్రమే అందే సౌకర్యం. మేం తాగి పోయాం, చెంబు మడి చెంబుకుంది. రేపు ఆ వాడ పిల్ల దాహంతో వస్తే మేం తాగిపోయిన చెంబు ఆ పిల్లకు పనికిరాదు.

నీళ్ల సంగతి చిన్నదని అనుకోడానికి లేదు. కారంచేడులో 1985 జూలైలో ఆరుగురు మాదిగల్ని చంపిన గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. మేం పోయిన దారికి పక్క జిల్లా జాలోర్‌లో 2022లో తొమ్మిదేళ్ల దళిత పిల్లవాడు, మాస్టరు కొట్టాక ఆస్పత్రిలో చనిపోయాడు. కుండలో నీళ్లు తాగినందుకే కొట్టారని ఇంటివాళ్ల ఫిర్యాదు. మా అమ్మాయి వయసు పిల్లాడు. నాలాంటి మాస్టరు.

సెలవులయ్యాక అమ్మాయికి బళ్లో 'నా ప్రయాణం' అని రాసుకు రమ్మన్నారు. ఒంటె గురించి, నక్కీ సరస్సులో పడవ గురించి పేజీన్నర రాసింది. మధ్యలో ఒక వాక్యం ఉంది: ఒక తాత మమ్మల్ని చౌదర్లనుకుని మజ్జిగ ఇచ్చాడు, బాగుంది. దిద్దమని నా చేతికిచ్చింది. ఎర్రపెన్ను పట్టుకుని ఆ వాక్యం దగ్గర చాలాసేపు కూచున్నా. 'చౌ' రాయడం రాక 'చవు' అని రాసింది. అదొక్కటి దిద్ది ఇచ్చేశా.