డిక్కీ ఉన్న కారు

మనలో చాలామందికి కారంటే డిక్కీ ఉండాలి. ముందు ఇంజను, మధ్యలో మనం, వెనకాల సామాను పెట్టె. ఈ మూడూ విడివిడిగా కనిపిస్తేనే అది కారు. వెనక భాగం కత్తితో కోసేసినట్టుంటే, అదెంత ఖరీదైనదైనా సరే, "బాగానే ఉంది గానీ..." అని నసుగుతాం. ఎందుకంటారు? పుట్టింటినుంచి వస్తుంటే ఆవకాయ జాడీ, బియ్యం బస్తా, అరటిగెల వెంట వస్తాయి కదా. అవి అద్దంలోంచి దారినపోయేవాళ్ళందరికీ కనిపించడం మనకి నచ్చదు. పైన మూత పడాలి. మధ్యతరగతి మర్యాదంతా ఆ మూతకిందే ఉందేమోనని నాకు అనుమానం.

ఈ సంగతి మారుతీవాళ్ళు బాగా కనిపెట్టారు. 2005లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన స్విఫ్ట్ కారుకే వెనకాల డిక్కీ తగిలించి, 2008లో డిజైర్ అని పేరు పెట్టారు. పలికి చూడండి, ఇంగ్లీషులో కోరిక అనే మాటే! ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ సగం వ్యాపారులు, సగం వేదాంతులు అయి ఉండాలి.

ఆ మొదటి డిజైర్ చూసి తోక అతికించినట్టుందని నవ్వినవాళ్ళున్నారు. నవ్వుతూనే కొన్నారు. ఇంతలో పన్నుల గొడవ ఒకటుంది. పొడవు నాలుగు మీటర్లకి లోపు, ఇంజను పెట్రోలుదైతే 1200 సీసీకి, డీజిలుదైతే 1500 సీసీకి లోపు ఉండే కార్లమీద ఎక్సైజు సుంకం 2006 బడ్జెట్టులో 24 శాతం నుంచి 16కి దించారు. అంచేత 2012లో డిజైర్ తోకని కత్తిరించి, మొత్తం పొడవు 3,995 మిల్లీమీటర్లకి తెచ్చారు. హద్దుకి బియ్యపుగింజంత లోపల! 440 లీటర్ల డిక్కీ 316 లీటర్లయింది. మూత మిగిలింది, చోటు తగ్గింది. ఎవరూ పెద్దగా బాధపడలేదు. 2017లో మళ్ళీ రూపు మార్చి, అతుకు కనిపించకుండా నునుపు చేశారు. 2024 నవంబరులో ముఖమే మార్చేశారు.

మా చిన్న ఆడపడుచుది 2017 నాటి కారు. దానిమీద ఏడేళ్ళు వాయిదాలు కట్టి, 2024లో అప్పు తీర్చుకుని, "అమ్మయ్య!" అంది. 2025లో దసరా నవరాత్రులు మొదలైన రోజే, సెప్టెంబరు 22న, చిన్న కార్లమీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. ఆ వారంలోనే ఫోను చేసింది.

"వదినా, మా కారు ముసలిదైపోయింది."

"ఏమైందే? దారిలో ఆగిపోయిందా?"

"ఆగలేదు. ఎదురింటివాళ్ళు కొత్త డిజైర్ తెచ్చారు. దాని మొహం చూశాక మాదాని మొహం చూడబుద్ధి కావటంలేదు. ఆయన మళ్ళీ బ్యాంకుకి వెళదామంటున్నారు."

ఆలోచించండి. ఆ కారు కదల్లేదు. తుప్పు పట్టలేదు. పొద్దున్న కడిగితే నిన్నటిలాగే మెరిసింది. మరి ఎదురింటి గేటు తెరుచుకోగానే ఎలా ముసలిదైంది?

ఈ విద్య మనవాళ్ళు కనిపెట్టింది కాదు. అమెరికాలో ఫోర్డుగారు 1908 నుంచి 1927 దాకా మోడల్ టీ అనే ఒక్క కారునే నమ్ముకున్నారు. కొన్నేళ్ళపాటు నలుపు తప్ప ఇంకో రంగే లేదు. జనరల్ మోటార్స్ అధిపతి స్లోన్‌గారు వేరే దారి పట్టారు. ఏటా రూపు మార్చాలన్నారు. 1927లో అందుకోసం రంగులకీ, సొగసులకీ ప్రత్యేకంగా ఒక విభాగమే పెట్టి, హార్లీ ఎర్ల్ అనే ఆయన చేతికిచ్చారు. కొత్తదానిమీద మోజు పుట్టాలంటే పాతదంటే చిన్నతనం పుట్టాలి. ఆ కిటుకు అప్పటినుంచీ నడుస్తూనే ఉంది.

అలాగని అందాన్ని ఇష్టపడటం తప్పంటే నేనొప్పుకోను. ఒళ్ళు కప్పుకోవడానికే అయితే చీరకి అంచెందుకు? రోజూ వాకిట్లో కొత్త ముగ్గు వేస్తాం. అయితే నిన్నటి ముగ్గుని తలుచుకుని సిగ్గుపడం కదా! పక్కింటావిడ అదే ముగ్గు వేసినా మన ముగ్గు అందం తరగదు. అది కంటి సంతోషం. రెండో రకం ఇంకోటుంది. ఎదుటివాళ్ళకి లేదు కాబట్టి మనకి కలిగే సంతోషం. రెండూ ఒకే చీర కట్టుకుని వస్తాయి. ఏది ఏదో పోల్చుకోవడమే కష్టం.

పోల్చుకునే మార్గం ఈ కారే చూపించింది. 2017లో కొత్త రూపు వచ్చినప్పుడు పాత రూపుని టూర్ అనే పేరుతో టాక్సీల కోసం ఉంచారు. అవే వంపులు, అదే డిక్కీ, పసుపు రంగు నంబరు పలక. "ఛీ, టాక్సీలా ఉంది" అని మనవాళ్ళు మొహం తిప్పుకున్నారు. నిన్న ముద్దొచ్చిన వంపు, ఇవాళ కూలి చేసుకుంటోందని వికారమైపోతుందా? అలా అయితే మనం ప్రేమించింది వంపుని కాదు. రోజుకి పది గంటలు అందులో కూర్చుని పిల్లల ఫీజులు కట్టుకునే డ్రైవరు కంటే మనమేదో ఎత్తులో ఉన్నామన్న భ్రమని.

న్యాయంగా ఇంకొక మాట కూడా చెప్పాలి. 2024 డిజైర్‌లో పైకి కనిపించని మార్పు ఉంది. గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు గుద్దించి చూసిన పరీక్షలో పెద్దల రక్షణకి అయిదు నక్షత్రాలు వచ్చాయి. చవక రకంలో కూడా ఆరు ఎయిర్‌బ్యాగులున్నాయి. "వదినా, పిల్లలతో తిరుగుతాం కదా, అందుకు మారుస్తాం" అని ఉంటే నా దగ్గర ఎదురు మాట లేకపోను. అప్పు చేసినా అర్థముందనేదాన్ని. కానీ అది ఎయిర్‌బ్యాగుల ఊసే ఎత్తలేదు. దీపాల సంగతి చెప్పింది, ముందున్న జల్లెడ సంగతి చెప్పింది.

అందుకని దానితో ఇలా అన్నాను. "తొందరపడకు. మీ వీధిలో అవే కార్లు అయిదారు కనిపించేదాకా ఆగు. అప్పటికీ దాన్ని చూస్తే నీకు ముచ్చటేస్తే, నిజంగా నచ్చినట్టే. వెళ్ళి తెచ్చుకో."

అటువైపు కాసేపు చప్పుడు లేదు.

"బాగానే ఉంది గానీ వదినా, అప్పటికి ఇంకో మొహం వచ్చేయదూ?" అంది.