జీర్ణగృహము – గృహస్థధర్మము

ఇల్లు కట్టుట ఒక తరము వారి పని; దానిని నిలుపుట తరువాతి తరముల వారి పని. కట్టునపుడు శంకుస్థాపన జరుగును, బంధువులు వత్తురు, గృహప్రవేశమునాడు పదిమంది భుజించి దీవించి పోవుదురు. నిలుపుటకు మాత్రము ఏ ఉత్సవమును లేదు. అర్ధరాత్రి వానలో లేచి, కారుచున్న కప్పు క్రింద గిన్నె పెట్టువానిని ఎవరును దీవింపరు. అయినను ఈ రెండవ పనియే కష్టతరము. ఏలయన, కట్టువాని యెదుట ఖాళీ స్థలము మాత్రమే యుండును. మరమ్మతు చేయించువాని యెదుట పూర్వులు చేసిన పని యుండును. ఆ పని స్వభావము నెరుగక చేయి పెట్టినచో, బాగుచేయబోయినదే చెడును.

ఇట్లు చెడినపుడు దోషమెవరిది? తాపీమేస్త్రీదా, సొమ్ము పెట్టిన గృహస్థునిదా, నూరేండ్ల వయస్సు గల గోడదా? ఇది ఇంజనీర్లకే వదలివేయదగిన ప్రశ్న కాదు. దీనిలో కష్టార్జితమైన ధనమున్నది, అన్నదమ్ముల నడుమ మాటపట్టింపు లున్నవి, కూలివాని కడుపున్నది, ఆ యింటనే కన్నుమూయవలెనని కోరు వృద్ధుల మనస్సున్నది. కావున దీనిని ధర్మప్రశ్నగా విచారించుట యుక్తము.

మొదట మన పాత ఇండ్లెట్టివో తెలిసికొందము. ఇంగ్లండు దేశమున జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనునతడు పోర్ట్‌లాండు సిమెంటునకు పేటెంటు పొందినది 1824లో. అది మన పల్లెలలో సాధారణ వస్తువగుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది. అంతవరకు రాతికిని ఇటుకకును మట్టియో సున్నమో బంధనము. సున్నపురాతిని బట్టీలో కాల్చి, నీట చల్లార్చి, ఇసుకతో గానుగలో త్రిప్పి, కొన్ని చోట్ల బెల్లపునీరు, కరక్కాయనీరు చేర్చి గచ్చు సిద్ధపరచెడివారు. ఆ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మెల్లమెల్లగా మరల రాయియగును. దానికొక గుణము కలదు: తడిని పీల్చును, పీల్చినదానిని తిరిగి గాలికి విడుచును. సిమెంటు పూత గట్టిదే. కాని లోపలి తడిని సులభముగ బయటికి పోనీయదు. కావున చెమ్మగల పాత గోడపై సిమెంటు గిలాబు చేసినచో, ఆ తడి లోపల నిలిచి పైకి ప్రాకును. దానితోపాటు వచ్చిన ఉప్పులు పూతను వెనుకనుండి నెట్టును. గోడ పెచ్చులూడును. చూచువారికి సిమెంటు కల్తీయనియే తోచును.

రాయలసీమలోని మట్టిమిద్దెల సంగతియు నిట్టిదే. దూలములపై దంతెలు పరచి, వాటిపై చవుడు మన్ను పోయుట అక్కడి ఆచారము. చవుడునకు నీరు తగిలినపుడు దాని సన్నని రేణువులు విడివడి రంధ్రములను మూసివేయును. అందువలన నీరు క్రిందికి దిగదు. ఏటేట వానలకు ముందు మిద్దెపై కొత్త చవుడు చల్లెడివారు. ఈ శ్రమ తప్పించుకొనవలెనని, దూలము లెంత బరువు మోయగలవో చూడక పైన కాంక్రీటు పోయించినవారున్నారు. బరువు పెరుగును, పగుళ్లలో దిగిన నీరు ఆరుటకు దారిలేక దూలములు చివుకును. పైన నున్నగా కనబడుచుండగనే లోపల కప్పు బలహీనపడును.

స్లాబు ఇండ్లకు వార్ధక్యము లేదని భ్రమపడరాదు. 1970, 1980 ప్రాంతముల కట్టిన స్లాబులు ఇప్పుడు పెచ్చులు రాల్చుచున్నవి. లోపలి ఇనుపకమ్మి తుప్పుపట్టినపుడు ఆ తుప్పు ఇనుముకంటె రెండింతలకు పైగా స్థలమాక్రమించి కాంక్రీటును పగులగొట్టును. తుప్పును గీకి శుభ్రపరుపక పైపైన సిమెంటు మెత్తినచో, అది మరల ఊడిపడును.

ఇక నేనెరిగిన ఒక కుటుంబమున జరిగినది చెప్పెదను. కర్నూలు ప్రాంతమున ఒక పట్టణములో తొంబదియేండ్లనాటి రాతి ఇల్లు వారిది. నడిమింటి గోడ అడుగున చెమ్మ కనబడెను. పెద్దకుమారుడు మేస్త్రీని పిలిపించి, పాత గచ్చు చెక్కించి, సిమెంటు గిలాబు చేయించెను. రెండవ వర్షాకాలమునకు చెమ్మ మూడడుగుల ఎత్తునకు ప్రాకెను. మేస్త్రీ సిమెంటు తగ్గించి ఇసుక హెచ్చుగ కలిపినాడని నిందించి, రావలసిన కూలిలో సగము నిలిపివేసిరి. మరియొకడు వచ్చి, నీటిని ఆపునని చెప్పి అమ్ము రంగును రెండు మార్లు పూసెను. అదియు పొక్కులు లేచి ఊడెను. ఈలోపల ఖర్చు విషయమై అన్నదమ్ములకు మాటలు నిలిచిపోయెను. ఇల్లు అమ్ముదమని ఒకడు, పడగొట్టుదమని ఒకడు.

ఆ యింట ఎనుబది దాటిన తల్లి కలదు. చూడవచ్చిన మేనల్లుడొకడు ఆమెను, "అత్తా, ఈ చెమ్మ ఎప్పట్నుంచి?" అని అడిగెను. ఆమె యిట్లనెను: "నేను కాపురానికి వచ్చినప్పుడు వీధిలోంచి అరుగు మీదికి మూడు మెట్లెక్కేదాన్ని నాయనా. ఇప్పుడు ఒక్కటే ఉంది. మిగతా రెండూ ఎటుపోయినాయో చూడు."

మెట్లు ఎచటికిని పోలేదు. వీధిలో బాట వేసినప్పుడెల్ల పాతదానిని త్రవ్వక దానిమీదనే కొత్త పొర పరచుటచే వీధి ఎత్తు పెరిగినది. వాననీరు ఇంటి ముందర నిలిచి పునాదిలోనికి దిగుచున్నది. గోడకు ఏ పూత పూసినను ప్రయోజనమేమి? పిదప ఆ యింటివారు వీధివైపున కాలువ త్రవ్వించి నీటిని ప్రక్కకు మళ్లించిరి. సిమెంటు గిలాబు తీసివేసి, గోడను ఒక వేసవి యంతయు ఆరనిచ్చి, సున్నపు గచ్చు పూయించిరి. చెమ్మ పూర్తిగ పోలేదు. కాని అడుగెత్తు దాటుట లేదు. దానితోనే కాపురము చేయుచున్నారు.

ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. కారణమెరిగినవారు ఇంటిలోనే యుండిరి; మూడేండ్లు వారినెవరును అడుగలేదు. డబ్బిచ్చువాడు ఒకడు, నిర్ణయించువాడు ఒకడు, పని చేయువాడు ఒకడు; ఇల్లెరిగిన మనిషి మూలనున్న మంచముపై నున్నది. పాత ఇంటి చరిత్ర దస్తావేజులలో ఉండదు. ఏ గోడ తరువాత లేచినది, ఏ మూల పూర్వము బావి యుండెడిది, ఏ యేటి వానకు ఏ దూలము మార్చిరి అను విషయములు వృద్ధుల జ్ఞాపకములోనే యుండును. వారు పోయిన పిదప అడుగదలచినను చెప్పువారుండరు.

రెండవది, ఆ మొదటి మేస్త్రీ కూలి. అతడు తనకు చెప్పిన పనిని చెప్పినట్లు చేసినవాడు. "తడిగోడపై గిలాబు నిలువదయ్యా" అని ముందే చెప్పవలసిన బాధ్యత అతనికి లేకపోలేదు. కాని చెప్పినను వినెడివారమా యని మనలను మనమే ప్రశ్నించుకొనవలెను. ఆ బాకీ తీర్చితిరా యని నేనడిగినపుడు, "ఇయ్యవలెను" అను మాట మాత్రమే వచ్చినది. కాయకమును పూజతో సమానముగ చెప్పుకొను మన యిండ్లలో, నీటి దోషమునకు మనిషి కూలి కోయుట పెచ్చులూడిన గోడకంటె పెద్ద లోపము. కారణము తెలిసిన నాడైనను ఆ ఋణము తీర్చుట ధర్మము.

ఎంత విచారించినను నిలుపరాని కట్టడములు కొన్ని గలవు. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురము 2010 మే 26న కూలిపోయినది. అంతకుముందే పగుళ్లు కనబడెను. జనులను దూరముగ నుంచుటచే గొప్ప ప్రాణాపాయము తప్పినది. తరువాత ఆ స్థానముననే నూతన గోపురము లేచినది. కావున పాతది గనుక ఎట్లైనను ఉంచవలెనని మంకుపట్టుటయు ధర్మము కాదు. దూలము వంగి, గోడ బయటికి ఒరిగినపుడు, క్రింద పడుకొను పిల్లల ప్రాణము పూర్వుల జ్ఞాపకముకంటె విలువైనది. అట్టి సమయమున తెలిసినవారిచే పరీక్ష చేయించి, ఇల్లు ఖాళీ చేయుటకు సిగ్గుపడరాదు.

కావున పాత ఇండ్లు గల కుటుంబములవారికిని, పురాతన మఠములను కాపాడువారికిని నా మనవి యిది. మరమ్మతు తలపెట్టుటకు ముందు ఒక వర్షాకాలము నీరు ఎటువచ్చి ఎటుపోవుచున్నదో చూడుడు. ఇంటి పెద్దలను కూర్చుండబెట్టి అడుగుడు; చెప్పినది ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. సున్నపు గోడకు సున్నమునే వాడుడు. పని చెడినచో, ఎవరు చెడగొట్టిరని అడుగుటకు ముందు ఏల చెడినదని అడుగుడు. మొదటి ప్రశ్న అన్నదమ్ములను విడదీయును. రెండవది వారిని ఒక గోడ యెదుట కలిపి నిలుపును. ఇంత చేసినను కొంత చెమ్మ మిగులవచ్చును. దానిని ఏటేట చూచుకొనుచు, వేసవిలో ఆరనిచ్చుచు, సున్నము వేయించుచు కాపురము సాగించుటయే పాత ఇంటి గృహస్థునకు మిగిలిన పని.