తల ఊపిన వారి పాపము

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయము



అబద్ధమాడు నోటిని గూర్చిన ప్రసంగములు మనము పలుమారు వినియున్నాము. ఆ అబద్ధమునకు తల ఊపిన వారిని గూర్చి వినుట అరుదు. ఈ మాసము మనము కైసరయలోని న్యాయసభను ధ్యానింతము.

అధిపతియైన ఫేలిక్సు ఎదుట పౌలు ఖైదీగా నిలిచియున్నాడు. ప్రధానయాజకుడైన అననీయ కొందరు పెద్దలతో వచ్చి, తెర్తుల్లు అను న్యాయవాదిచేత ఫిర్యాదు చెప్పించెను. తెర్తుల్లు మొదట అధిపతిని పొగడెను. ఆయనవలన దేశము ఎంతో నెమ్మదిగా నున్నదట! అయితే ఆ కాలపు యూదుల చరిత్ర వ్రాసిన జోసీఫసు, ఫేలిక్సు దినములలో దేశము దోపిడిగాండ్రతోను హంతకులతోను నిండియుండెనని తెలుపుచున్నాడు. ఫేలిక్సు పదవి విడిచిన పిమ్మట కైసరయలోని యూదుల పెద్దలే రోమాకు పోయి అతనిమీద నేరము మోపిరి.

పొగడ్త ముగియగానే నింద మొదలాయెను. పౌలు దేవాలయమును అపవిత్రపరచ జూచెనని తెర్తుల్లు చెప్పెను. ఈ మాట ఎక్కడ పుట్టినదో 21వ అధ్యాయము 29వ వచనములో చూడుడి. ఎఫెసువాడైన త్రోఫిము పౌలుతో కూడ పట్టణములో నుండుట కొందరు చూచిరి. వారు కన్నులార చూచినది అంతే. అతనిని దేవాలయములోనికి కూడ తెచ్చియుండునని ఊహించుకొనిరి. ఆ ఊహ గుంపులో కేకయై, న్యాయసభలో నేరమై నిలిచెను.

ఇప్పుడు 24వ అధ్యాయము 9వ వచనమునకు వత్తము. తెర్తుల్లు ముగించగానే, వెంట వచ్చిన వారందరు అది నిజమేనని పలికిరి. చూచితిమని చెప్పిన ఆసియవారు ఆ సభలో లేనే లేరు. పౌలు ఆ సంగతినే ఎత్తి చూపెను. ఆయన అధిపతిని పొగడలేదు, తెర్తుల్లును తిట్టలేదు. తాను యెరూషలేమునకు వచ్చి పండ్రెండు దినములే యైనదనియు, విచారించి తెలిసికొనవచ్చుననియు చెప్పెను. ఈ మార్గము ననుసరించుట నిజమే గనుక దానిని దాచక ఒప్పుకొనెను.

ప్రియులారా, మన ఊళ్లలోను తెర్తుల్లు సభలు జరుగుచున్నవి. సంఘపు లెక్కలు చూచు సహోదరుడు క్రొత్త రేకులు కప్పించెను. ఆ డబ్బు ఎక్కడిదో అని ఒకరు అందురు. సంఘపు సొమ్మేమో అని మరియొకరు ఊహింతురు. ఆదివారము ఆరాధన ముగియులోగా అది నిజమైపోవును. అతని కుమారుడు పట్టణములో కూలిచేసి పంపిన డబ్బని అడిగి తెలిసికొన్నవారు ఎవరును లేరు. ఆ కుటుంబము గుడికి వచ్చుట మానివేయును. దీనికి మొదట మాట విసిరిన వాడు మాత్రమేనా ఉత్తరవాది? ఔనౌనన్న మనమందరము ఉత్తరవాదులమే.

గనుక ఎవరైన పొరుగువానిమీద మాట తెచ్చినప్పుడు, అది మైకులో వచ్చినను, ఫోనులో వచ్చినను, ఇట్లు అడుగుదము: నీవు చూచితివా? అతనిని అడిగితివా? అతని ఎదుట ఈ మాట చెప్పగలవా? సహోదరునితో ఒంటరిగా మాటలాడుడని ప్రభువు మత్తయి 18వ అధ్యాయములో నేర్పిన క్రమము ఇదే. పెద్దలు ఊరికి వచ్చినప్పుడు దండ వేయుట మర్యాదయే. వేయని రోడ్డును వేసితిరని పొగడుట అబద్ధమే.

ఇక ఫేలిక్సు సంగతి. నీతిని, ఆశానిగ్రహమును, రాబోవు తీర్పును గూర్చి పౌలు ప్రసంగింపగా అతడు భయపడెను. అయినను సమయము దొరికినప్పుడు పిలిపింతునని పంపివేసెను. లంచము దొరకునని ఆశించి పలుమారు పిలిపించి వినెను. రెండు సంవత్సరములు విన్నను ఖైదీకి న్యాయము చేయలేదు. లాభము కొరకు వినిన చెవికి సత్యము చేరినను ఫలింపదు.

వచ్చే ఆదివారము గుడికి వచ్చుటకు ముందు, మన మాటవలననో మన మౌనమువలననో గాయపడిన యింటికి పోయి, తలుపు తట్టుదము. ప్రభువు మన నోళ్లకును చెవులకును కాపుండును గాక. ఆమేన్.