అభిషిక్తుణ్ణి లెక్క అడగవచ్చునా?

తమిళనాట మాదొక చిన్న తెలుగు సంఘం. బ్యాంకువాడు గదా, లెక్కలు చూస్తాడని నన్ను మూడేళ్లు కోశాధికారిగా పెట్టారు. ఒకసారి చర్చి పైకప్పు మరమ్మతుకు వోచర్లు అడిగాను. అయ్యగారు చిన్నబుచ్చుకున్నారు. "దేవుని అభిషిక్తుణ్ణి నిలదీయకూడదండీ, దావీదును చూసి నేర్చుకోండి" అన్నారొక పెద్ద.

సరే, దావీదునే చూద్దాం. ఏన్గెదీ గుహలో సౌలు అతని చేతికి చిక్కాడు. దావీదు చంపలేదు, పైవస్త్రపు చెంగు మాత్రం కోశాడు, దానికే మనసు నొచ్చుకుంది. మన పెద్దలు కథ ఇక్కడ ఆపేస్తారు. కాని దావీదు గుహలోంచి బయటికొచ్చి, నేలకు వంగి నమస్కరించి, ఆ చెంగును పైకెత్తి చూపి, రాజును ప్రశ్నించాడు. వంగిందీ అతడే, అడిగిందీ అతడే. తరవాత తానే రాజై తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త ముఖంమీదే చెప్పాడు. దావీదు తన అభిషేకాన్ని అడ్డం పెట్టుకోలేదు, తప్పు ఒప్పుకున్నాడు.

యెరూషలేము బీదలకు చందా చేర్చడంలో పౌలు ఒంటరిగా పూనుకోలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా, సంఘాలు ఎన్నుకున్న మనిషిని కూడా కలుపుకున్నాడు. మా బ్యాంకులో ఖజానాకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. అందువల్ల మేనేజరును ఎవరూ దొంగ అనుకోరు.

మనకు దగ్గరివాడు బిషప్ అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. డోర్నకల్ వెళ్లి, తెలుగు నేర్చి, బీద పల్లెల మధ్య బతికాడు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, దొరల ఎదుటే, భారతీయ సేవకులను స్నేహితులుగా ఎందుకు చూడరని అడిగాడు. కొందరికి కష్టం తోచింది. అయినా 1912లో కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయన. పెద్దలను అడిగినవాడే పెద్ద అయ్యాడు.

నా సంగతీ చెప్పాలి. ఆనాడు కమిటీలో నేను వంగలేదు. బ్రాంచికి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి గొంతుతో అడిగాను. ప్రశ్న న్యాయమైనదే, గొంతు మాత్రం దావీదుది కాదు. అయ్యగారు నొచ్చుకున్నది దేనికో ఇప్పటికీ నాకు తేలలేదు.

మరుసటి నెల వోచర్లు వచ్చాయి, ఒకటి తక్కువగా. ఈసారి దాన్ని అడగడానికి కమిటీ దాకా ఆగక ఆయన ఇంటికే వెళ్లాను. అమ్మగారు కాఫీ ఇచ్చారు. రెండుసార్లు గొంతు సవరించుకొని అడిగాను.