మేళగాండ్ర భాగము

వాక్యభాగములు: నెహెమ్యా 12:27–47, 13:4–13



పెండ్లి నిశ్చయమైన యింట తప్పక పుట్టు ప్రశ్నలలో మేళము ప్రశ్న యొకటి. నాదస్వరము పిలువవలెనని పెద్దలందురు. బ్యాండు మేళము కావలెనని మేనమామలందురు. డి.జె. పెట్టెలు చాలునని పిల్లలందురు. తిరుచానూరు చుట్టుపట్ల కాపురముండువారికి ఈ ప్రశ్న మరింత దగ్గరది. అమ్మవారి ఆలయమున్న ఊరు గనుక నాదస్వరము, డోలు అక్కడివారి చెవులకు చిన్ననాటినుండి పరిచయము.

క్రైస్తవుల పెండ్లికి మేళమేల అని కొందరడుగుదురు. 150వ కీర్తన చదువుడి. బూర మొదలు తాళములవరకు వాద్యములన్నియు దేవుని స్తుతికి పిలువబడినవి. తప్పిపోయిన కుమారుడు తిరిగివచ్చిన దినమున తండ్రి యింటి వాద్యధ్వని పొలమునుండి వచ్చుచున్న పెద్దకుమారునికి వినబడెను (లూకా 15:25). నాదస్వరము ఒక మతమువారిదే అనుమాటయు నిలువదు. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా (1924–1999) ముస్లిము. నాదస్వర విద్వాంసులలో ఆయన పేరు మొదటి వరుసలోనిది. కొయ్యకును తోలునకును మతము లేదు. కాబట్టి మేళము పిలువవచ్చునా అనుట నేటి ప్రశ్న కాదు. పిలిచిన మేళగాండ్రను మనమెట్లు చూచుచున్నామన్నదే ప్రశ్న.

నెహెమ్యా చేసిన యేర్పాటు చూడుడి. యెరూషలేము గోడ 52 దినములలో ముగిసెను. దాని ప్రతిష్ఠకు అతడు పాటగాండ్రను పిలిపించెను. వారు పట్టణపు గొప్పవారు కారు; చుట్టుపట్ల పల్లెలు కట్టుకొని బ్రదుకుచున్నవారు. వారిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపును గోడమీద ఒక దిక్కునకును, రెండవదానిని ఎదుటి దిక్కునకును నడిపించెను. రెండును దేవుని మందిరమునొద్ద కలిసికొనెను. నడిపించుటకు ఇజ్రహయా అను నాయకుడుండెను. ఆ దినపు సంతోషధ్వని బహుదూరము వినబడెను. అంతటితో అధ్యాయము ముగియలేదు. పాటగాండ్రకు అనుదినము ఇయ్యవలసిన భాగము జనులు ఇచ్చుచుండిరని చివర వ్రాయబడినది.

తరువాతి అధ్యాయములో కథ మారినది. నెహెమ్యా రాజునొద్దకు వెళ్లియున్న కాలమున యాజకుడైన ఎల్యాషీబు, పాటగాండ్ర భాగమును నిలువచేయు గొప్ప గదిని తోబీయాకు ఇచ్చివేసెను. ఏల? తోబీయా అతనికి బంధువు. ధాన్యముండవలసిన గదిలో తోబీయా సామాను చేరెను. భాగము అందని పాటగాండ్రు మందిరమును విడిచి తమ తమ పొలములకు పోయిరి. గోడ నిలిచియున్నది, మందిరము నిలిచియున్నది, పాట మాత్రము ఆగిపోయినది. నెహెమ్యా తిరిగివచ్చి తోబీయా సామాను బయట పారవేయించి, గది శుద్ధిచేయించి, నమ్మకమైనవారి చేతికి పంపకము అప్పగించెను.

ప్రియులారా, మన పెండ్లియిండ్లలోను తోబీయా గది యున్నది. గొప్ప బంధువుల బొమ్మలతో ఫ్లెక్సీలకు రూకలుండును. వేదిక అలంకారమునకును, కార్లకును ఉండును. రాత్రి మేళగాండ్రు కూలి అడుగు వేళకు మాత్రము సంచి ఖాళీ. రేపు రండి, సర్దుకొనుడి అందుము. ఉదయమునుండి ఊదిన పెదవులు, కొట్టిన వ్రేళ్లు ఆకలితో తిరిగిపోవును.

మన సంఘములలో అనేకుల తాతలు డప్పు, పలక వాయించినవారే. వారి దెబ్బ లేనిదే ఊరిలో ఊరేగింపు కదలలేదు. అయినను భోజనవేళ వారు పందిరి వెలుపల నిలిచి, అందరు తినిన పిమ్మట మిగిలినది పుచ్చుకొనవలసివచ్చెను. ఆ అవమానము మన ముసలివారు మరచినది కాదు. నేడు పందిరి మనది. పందిరి వెలుపల నిలిచినవాడెవడు?

కాబట్టి పెండ్లి ప్రకటనలు గుడిలో చదువబడకమునుపే కూర్చుండి మేళము లెక్క చూచుకొనుడి. గోపురము కట్టగోరువాడు ముందు ఖర్చు లెక్కించునని ప్రభువు చెప్పెను (లూకా 14:28). ఐదుగురి మేళమునకు శక్తిగలవాడు పదిహేనుగురిని పిలిచి అప్పుపడనేల?

మొదటిది, తేదీ. ముహూర్తపు దినములలో మేళగాండ్రు దొరకరు. కార్తిక మాసమున తిరుచానూరు బ్రహ్మోత్సవములు, పంచమీ తీర్థము జరుగునప్పుడు దారులు క్రిక్కిరిసియుండును. మనకు ముహూర్తము పట్టింపు లేదు గదా. ఆషాఢమున, ధనుర్మాసమున హిందువుల పెండ్లిండ్లు సాధారణముగా ఉండవు గనుక వాద్యగాండ్రకు పని తక్కువ. అప్పుడు పిలిచిన మనకు సుళువు, వారికి కూడు. అయితే వారి అక్కర చూచి కూలి తెగకోయుట అన్యాయము.

రెండవది, పాటలు. మన కీర్తనల పుస్తకములో అనేక పాటలకు రాగము, తాళము అచ్చువేయబడియున్నవి. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైనవారు కర్ణాటక రాగములలోనే కీర్తనలు కట్టిరి. నాలుగైదు పాటలు ముందుగా వ్రాసియిచ్చి, వరుస ఒకసారి పాడి వినిపించిన నాదస్వర విద్వాంసునికి అవి కష్టము కావు. అట్లు చేయక, ఆ దినమున సినిమా పాట వాయించెనని అతనిపై కోపపడుట తగదు.

మూడవది, వేళ, దారి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము పెండ్లి సాధారణముగా ఉదయము 6 గంటలకును సాయంకాలము 7 గంటలకును మధ్య జరుగవలెను. ఊరేగింపు ఆలస్యమై పాస్టరుగారు గుడిలో కనిపెట్టుకొనియుండకూడదు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలచొప్పున రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు ఆరుబయట మైకులు కూడవు; ఆసుపత్రి, బడి, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్లలోపు నిశ్శబ్దముగా పోవలెను. రోగి మంచముప్రక్క మన సంతోషము దెబ్బ కాకూడదు. ఇజ్రహయావలె మేళమును నడిపించుటకు బుద్ధిగల యొకనిని నియమించుడి.

నాల్గవది, భాగము. ఎందరు వచ్చెదరో, ఎన్ని గంటలో, దారిఖర్చు ఎవరిదో, బయానా ఎంతో కాగితముమీద వ్రాసికొనుడి. మిగిలిన సొమ్ము వేరు కవరులో పెట్టి, అక్కరలేని గొప్పలకు పోని యొక పెద్ద చేతికి అప్పగించుడి. కూలివాని కూలి ప్రొద్దు క్రుంకకముందే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము (ద్వితీయోపదేశకాండము 24:15). కూలికి బదులు సారాయి పోయువాడు ఆ మనుష్యుని యింటిలోని ఆలుబిడ్డల కూడు పారబోయుచున్నాడు. మేళగాండ్రకు బంధువుల బంతిలోనే ఆకులు వేయించుడి; కడపటి బంతిలో కాదు.

కానా పెండ్లి తలంచుకొనుడి. ఆ ద్రాక్షారసము ఎక్కడినుండి వచ్చెనో విందుప్రధానికి తెలియదు; నీళ్లు ముంచిన పరిచారకులకే తెలిసెను (యోహాను 2:9). ప్రభువు పెండ్లికి వచ్చినప్పుడు పనివారు నిలిచిన చోటనే తన మహిమను మొదట చూపెను. మన పెండ్లికి ఆయనను పిలిచినయెడల ఆయన ఆ ప్రక్కకే చూచును. అక్కడ ఆకలిగొన్న మేళగాడు కనబడకుండునుగాక.

ప్రభువా, మా యిండ్లలో పెండ్లికుమారుని స్వరమును పెండ్లికుమార్తె స్వరమును వినిపింపజేయుము. ఆ సంతోషమును మోసినవారి భాగము మా చేతులలో నిలిచిపోకుండ కాపాడుము. ఆమేన్.